సూర్యుడి ముందు దివిటీ: ఆరుబయట బ్యాటరీ స్ట్రోబ్ లెక్కలు

మిట్టమధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉంది. మనిషిని ఎండకు ఎదురుగా నిలబెట్టి ఫోటో తీస్తే నుదురు, ముక్కు తెల్లగా వెలిగిపోతాయి. కళ్ల గుంటల్లో మాత్రం నల్లటి నీడ. వీపు ఎండకు పెట్టి నిలబెడితే కళ్లు చిట్లించే బాధ తప్పుతుంది, జుట్టు అంచున చక్కటి మెరుపు కూడా వస్తుంది, కానీ ముఖం చీకటి పడుతుంది. ముఖానికి సరిపడా వెలుతురు లోపలికి వచ్చేలా ఎక్స్‌పోజర్ పెడితే వెనక ఆకాశం తెల్ల కాగితం అవుతుంది. ఆకాశానికి పెడితే మనిషి నల్లబొమ్మ అవుతాడు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నవాళ్లే బ్యాటరీ స్ట్రోబులను, అంటే బ్యాటరీతో నడిచే పెద్ద ఫ్లాష్ లైట్లను, ఆరుబయటికి మోసుకొస్తారు.

సూర్యుడి ముందు దివిటీ పట్టినట్టు అని దండగ పనికి ఒక మాట ఉంది. పట్టపగలు ఫ్లాష్ వెలిగించడం చూసేవాళ్లకు అచ్చం అలాగే అనిపిస్తుంది. రెండు మూడు కిలోల పెట్టె, దానికో చిన్న బ్యాటరీ, పోటీ చూస్తే సూర్యుడితో. అయినా సరైన చేతుల్లో ఆ దివిటీ గెలుస్తుంది. ఎందుకు గెలుస్తుందో తెలిస్తే ఎంత పెద్ద లైటు కొనాలి, ఎక్కడ పెట్టాలి, డబ్బు ఎక్కడ వృథా అవుతుంది అన్న ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

కిటుకంతా సమయంలో ఉంది. కెమెరా షటర్ 1/200 సెకను తెరుచుకుందనుకుందాం. 300 వాట్ల ఎల్‌ఈడీ లైటు ఆ కాస్త వ్యవధిలో ఖర్చు పెట్టేది ఒకటిన్నర జౌల్ శక్తి మాత్రమే. మిగతా సెకనంతా అది వెలుగుతూనే ఉన్నా కెమెరా చూడదు. 300 వాట్-సెకన్ల (వాట్-సెకను అంటే జౌలే) స్ట్రోబ్ అలా కాదు. తన దగ్గరున్న 300 జౌల్‌లూ ఆ 1/200 సెకనులోనే గుమ్మరించేస్తుంది. అంటే 200 రెట్లు. కరెంటును వెలుతురుగా మార్చడంలో ఎల్‌ఈడీ కొంత పొదుపరి అనుకున్నా ఆ తేడా పూడేది కాదు. సూర్యుడిది కూడా ఎల్‌ఈడీ పరిస్థితే: ఎంత బలవంతుడైనా, షటర్ తెరిచి ఉన్నంతసేపటి వెలుతురే లెక్కలోకి వస్తుంది.

సన్నగా కారే కుళాయి కింద తొట్టి పెడితే అది నెమ్మదిగా నిండుతుంది. నిండాక తొట్టిని ఒక్కసారి బోర్లిస్తే నీళ్లు వరదలా వస్తాయి. స్ట్రోబులో బ్యాటరీ ఆ కుళాయి, కెపాసిటర్ తొట్టి. బ్యాటరీ తక్కువ వోల్టేజీలో ఇచ్చే కరెంటును లోపలి సర్క్యూట్ కొన్ని వందల వోల్టులకు పెంచి కెపాసిటర్లో నింపుతుంది. బటన్ నొక్కగానే అదంతా జినాన్ వాయువున్న గొట్టంలోంచి ఒక్క మెరుపుగా బయటికొస్తుంది. వాట్-సెకన్లు అనే అంకె తొట్టి ఎంత పెద్దదో చెబుతుంది, అంతే. నీళ్లు ఎంత దూరం పడతాయో, ఎంత మేర తడుస్తుందో అది చెప్పదు.

ఈ విద్యను ఫోటోగ్రఫీలోకి తెచ్చినవారిలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ ముఖ్యుడు. 1930లలో ఆయన ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌తో కదిలే వస్తువులను నిలబెట్టి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట విమానాల నుంచి నేలను ఫోటో తీయడానికి భారీ స్ట్రోబులు తయారుచేశాడు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ రాళ్ల మీద 1,500 అడుగుల ఎత్తు నుంచి 50,000 వాట్-సెకన్ల ఫ్లాష్ వెలిగించి తీసిన ఫోటో ఇప్పటికీ ఉంది. లొకేషన్ ఫ్లాష్ అనే మాటకు అంతకన్నా ఘనమైన ఉదాహరణ దొరకడం కష్టం. అంత దూరానికి అంత శక్తి ఎందుకు కావలసి వచ్చిందో ముందు ముందు వచ్చే దూరం లెక్కలో కనిపిస్తుంది.

ముందు సూర్యుడి బలం ఎంతో అంకెల్లో చూడాలి. నిర్మలమైన ఎండలో ఐఎస్ఓ (ఫిల్మ్ లేదా సెన్సర్ సున్నితత్వం) 100 దగ్గర, 1/100 సెకనుకు ఎఫ్/16 ఎపర్చర్ (లెన్సు రంధ్రం; అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) అన్నది ఫిల్మ్ కాలం నాటి పాత సూత్రం. 1/200 సెకనుకైతే అది ఎఫ్/11. కాబట్టి ఎండతో సమానంగా నిలబడాలంటే స్ట్రోబ్ కూడా మనిషి ముఖం మీద ఎఫ్/11కు సరిపడా వెలుతురు వెయ్యాలి. ఆకాశాన్ని ఇంకొంచెం ముదురు నీలంగా చూపించాలనుకుంటే ఎపర్చర్‌ను ఎఫ్/16కు మూయాలి, అప్పుడు స్ట్రోబ్ శక్తి రెట్టింపు కావాలి. ఎంత పెద్ద లైటు కావాలన్న వాదనల్లో సగం ఎఫ్/11 అనే ఈ ఒక్క గీత చుట్టూనే తిరుగుతాయి.

అనుభవమున్నవాళ్లు లొకేషన్‌లో చేసే పని గమనిస్తే, మొదట ఫ్లాష్ ఆన్ చెయ్యరు. షటర్‌ను 1/200 మీద పెట్టి, ఎపర్చర్ తిప్పుతూ, వెనకదృశ్యం ఎంత ముదురుగా ఉండాలో తేల్చుకునేదాకా ఖాళీగా రెండు మూడు ఫోటోలు తీస్తారు. వాటిలో మనిషి నల్లగా పడినా పట్టించుకోరు. ఆ తర్వాతే లైటు వెలిగించి, దాని పవర్‌ను ముఖానికి సరిపెడతారు. ఈ వరుస ఎందుకంటే, షటర్ స్పీడ్ ఎండనొక్కదాన్నే తగ్గిస్తుంది, ఎపర్చర్ మాత్రం ఎండనూ ఫ్లాష్‌నూ కలిపి తగ్గిస్తుంది. ఫ్లాష్ మెరుపు షటర్ వ్యవధిలో ఏదో ఒక క్షణంలో వచ్చిపోతుంది కాబట్టి షటర్ 1/60 అయినా 1/200 అయినా దానికి తేడా ఉండదు. ఎండకు ఉంటుంది. అందుకే స్ట్రోబ్ వాడేవాడికి వేగమైన షటర్ అంటే ఖర్చులేని బలం.

ఆ ఖర్చులేని బలానికి ఒక హద్దు ఉంది. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250 సెకను. షటర్‌లో రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకుంటూ పోతుంది, రెండోది వెనకే మూసుకుంటూ వస్తుంది. ఆ హద్దు వరకు రెండు తెరల మధ్య ఒక్క క్షణమైనా సెన్సర్ మొత్తం తెరిచి ఉంటుంది, ఫ్లాష్ ఆ క్షణంలో మెరవాలి. హద్దు దాటితే మొదటి తెర చివరికి చేరకముందే రెండోది బయల్దేరుతుంది. సెన్సర్ మీద ఒక సన్నని సందు మాత్రమే జరుగుతూ పోతుంది, మెరుపు ఆ సందులో పడినంత మేరే పడుతుంది. ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ కనిపించేది అందుకే.

ఫ్లాష్, షటర్ కలిసి పనిచేయడాన్ని సింక్ అంటారు. ఈ హద్దుకు విరుగుడుగా వచ్చిందే హై స్పీడ్ సింక్. ఒక్క పెద్ద మెరుపుకు బదులు ఫ్లాష్ వెంటవెంటనే లెక్కలేనన్ని చిన్న మెరుపులు ఇస్తుంది, సందు ఈ చివర నుంచి ఆ చివరికి జరిగేదాకా వెలుతురు ఆగదు. 1/3200 సెకనుకు, ఎఫ్/2.8కు ఎండలోనే ఫోటో తీయవచ్చు, వెనకదృశ్యం వెన్నలా మసకబారుతుంది. కంపెనీల ప్రకటనల్లో కనిపించేది ఈ సగమే. మిగతా సగం ఏమిటంటే, హై స్పీడ్ సింక్‌లోకి అడుగుపెట్టగానే సుమారు రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక స్టాప్ అంటే వెలుతురు సగమవడం లేదా రెట్టింపవడం). 600 వాట్-సెకన్ల యూనిట్ 150 వాట్-సెకన్ల యూనిట్‌లా తయారవుతుంది. పైగా ఫ్లాష్ ఇప్పుడు కొద్దిసేపటి ఎల్‌ఈడీలా మారిపోయింది కాబట్టి, అక్కడి నుంచి షటర్ ఎంత వేగం పెంచితే ఎండ ఎంత తగ్గుతుందో ఫ్లాష్ కూడా అంతే తగ్గుతుంది. సూర్యుడి మీద పైచేయి కోసం 1/4000కు, 1/8000కు పోయేవాళ్లు పొరబడేది ఇక్కడే. హై స్పీడ్ సింక్ ఎపర్చర్ తెరుచుకునే వెసులుబాటు ఇస్తుంది, బలం ఇవ్వదు. ఉన్న బలాన్ని తీసుకుంటుంది.

అదే ఎఫ్/2.8కు ఇంకో దారి ఉంది, ఎందుకో దాని పేరు తక్కువగా వినిపిస్తుంది. షటర్‌ను 1/200 మీదే ఉంచి, లెన్సుకు వెలుతురును తగ్గించే నల్లటి అద్దం, అంటే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ బిగిస్తే ఎఫ్/11 ఉండాల్సిన చోట ఎఫ్/2.8 పెట్టుకోవచ్చు. ఫిల్టర్ ఎండనూ ఫ్లాష్‌నూ సమానంగా తగ్గిస్తుంది, తెరిచిన ఎపర్చర్ రెండింటినీ సమానంగా తిరిగి ఇచ్చేస్తుంది. ఫ్లాష్‌కు, ఎండకు మధ్య నిష్పత్తి చెక్కుచెదరదు. హై స్పీడ్ సింక్‌లో పోయే ఆ రెండు స్టాపులూ మిగులుతాయి. ఇబ్బందులు లేకపోలేదు: డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్ చీకటిగా మారుతుంది, ఫోకస్ తడబడవచ్చు, నాసిరకం ఫిల్టర్ చర్మానికి ఏదో ఒక రంగు పూస్తుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో మొదటి ఇబ్బంది చాలావరకు పోయింది. చిన్న యూనిట్ ఉన్నవాళ్లు ఇంకా పెద్దది కొనేముందు ఒక మంచి ఎన్‌డీ ఫిల్టర్ ప్రయత్నించడం తెలివైన పని.

లెన్సులోనే షటర్ ఉండే కెమెరాలకు ఈ గొడవే లేదు. హాసెల్‌బ్లాడ్ ఎక్స్ సిరీస్ లెన్సుల్లో కొన్ని 1/2000 వరకు ఫ్లాష్‌తో సింక్ అవుతాయి. 1/200 దగ్గర ఆగిపోయే కెమెరాతో పోలిస్తే 1/1600కు సింక్ అయ్యే కెమెరాకు మూడు స్టాపుల లాభం. అంటే దాని పక్కన 200 వాట్-సెకన్ల లైటు 1,600 వాట్-సెకన్ల లైటు చేసే పని చేస్తుంది, మెరుపు మొత్తం ఆ 1/1600లో ముగిసిపోతేనే సుమా. 2023 నవంబర్‌లో సోనీ ప్రకటించిన ఏ9-3 గ్లోబల్ షటర్ (సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదివే) కెమెరా 1/80,000 వరకు సింక్ అవుతుంది. అక్కడ కెమెరా హద్దు పోయి ఫ్లాష్ హద్దు ముందుకొస్తుంది: మెరుపు నిడివే అంతకన్నా చాలా ఎక్కువ, దానిలో చిన్న ముక్క మాత్రమే ఫోటోకు అందుతుంది.

ఇక దూరం సంగతి. లైటును రెండింతలు దూరం జరిపితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ సూత్రం అందరికీ తెలిసిందే, కానీ కొనేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు. 2 మీటర్ల దగ్గరున్న, లైటు ముందు తెల్లగుడ్డ కప్పిన పెట్టెను, అంటే సాఫ్ట్‌బాక్స్‌ను 1.4 మీటర్లకు జరిపితే ఒక స్టాప్ పెరుగుతుంది. అది 600 వాట్-సెకన్ల యూనిట్ పక్కన పెట్టి 1,200ది తెచ్చుకున్నంత పని. ఒక్క మీటరుకు తెస్తే రెండు స్టాపులు. పైగా దగ్గరికి వచ్చిన సాఫ్ట్‌బాక్స్ మనిషికి ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి నీడల అంచులు మెత్తబడతాయి. ఫ్రేములోకి అంచు కనిపించకుండా ఎంత దగ్గరికి తేగలిగితే అంత దగ్గరికి తేవడం, కనిపిస్తే తర్వాత ఎడిటింగ్‌లో తీసేయడం చాలామంది చేసే పనే. కదలని కెమెరా, మామూలు ఆకాశం ఉంటే లైటు లేకుండా ఒక ఫోటో అదనంగా తీసిపెట్టుకుంటే చాలు.

దగ్గర అనేది అన్ని చోట్లా పనికిరాదు. నిలువెత్తు ఫోటోలో లైటు తలకు మీటరు దూరంలో, పాదాలకు రెండు మీటర్ల దూరంలో ఉంటే పాదాలు రెండు స్టాపులు చీకటి పడతాయి. గ్రూపు ఫోటో ఇంకా కష్టం. లైటు ముందు వరుసకు 2 మీటర్లు, వెనక వరుసకు 3 మీటర్ల దూరంలో ఉంటే వెనకవాళ్లకు సగానికన్నా తక్కువ వెలుతురు అందుతుంది. అదే లైటును ముందు వరుసకు 5 మీటర్ల దూరానికి తీసుకుపోతే రెండు వరుసల మధ్య తేడా అర స్టాపుకు దిగుతుంది, కానీ అక్కడి నుంచి ఎండతో పోటీ పడాలంటే శక్తి ఆరు రెట్లకు పైగా కావాలి. 1,200 వాట్-సెకన్ల బరువైన యూనిట్ తన డబ్బులకు న్యాయం చేసేది ఇలాంటి చోట. ఒక్క మనిషి నడుము వరకు తీసే ఫోటోలకే దాన్ని మోసుకుతిరగడం భుజాలకు శిక్ష.

కెమెరా నెత్తిన బిగించే చిన్న ఫ్లాష్‌లైన స్పీడ్‌లైట్ల మీద రాసే గైడ్ నంబర్ గురించి కూడా ఇక్కడే ఒక మాట. గైడ్ నంబర్‌ను మీటర్లలో దూరంతో భాగిస్తే ఐఎస్ఓ 100 దగ్గర ఎపర్చర్ వస్తుంది. 60 అని ఉంటే 4 మీటర్లకు ఎఫ్/15. వినడానికి ఎండను మించినట్టే. కానీ ఆ 60 చాలాసార్లు ఫ్లాష్ తలను 200 మిల్లీమీటర్ల జూమ్‌కు బిగించి, వెలుతురును సన్నని పాయగా మార్చి కొలిచినది. దాన్నే సాఫ్ట్‌బాక్స్‌లో పెట్టి, రెండు పొరల తెల్లగుడ్డ గుండా పంపితే ఆ అంకెకు అర్థమే ఉండదు. గుడ్డలు ఒకటి రెండు స్టాపులు మింగేస్తాయి. శక్తి చాలనప్పుడు లోపలి గుడ్డ తీసెయ్యడం, లేదా సాఫ్ట్‌బాక్స్‌నే పక్కనపెట్టి లోహపు రిఫ్లెక్టర్ బిగించడం తక్షణ చికిత్స. వెలుతురు కరకుగా ఉంటుంది, నిజమే. ఎండ కూడా కరకే కాబట్టి చూసేవాడికి అది వింతగా అనిపించదు.

బ్యాటరీ లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 600 వాట్-సెకన్ల యూనిట్లలో బాగా వాడకంలో ఉన్న ఒక రకం బ్యాటరీ మీద 11.1 వోల్టులు, 8,700 మిల్లీ ఆంపియర్-అవర్ అని ఉంటుంది. గుణిస్తే 96.57 వాట్-అవర్. ఒక్కో వాట్-అవర్ 3,600 జౌల్‌లు కాబట్టి మొత్తం నిల్వ సుమారు 3,48,000 జౌల్‌లు. ఫుల్ పవర్‌లో 500 మెరుపులంటే 3,00,000 జౌల్‌లు. మిగతాది సర్క్యూట్‌లో వేడిగా పోతుంది. పవర్‌ను నాలుగో వంతుకు దించితే లెక్క ప్రకారం రెండు వేల మెరుపులు రావాలి, కానీ యూనిట్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకు, కెమెరా సంకేతం అందుకునే రేడియోకు, మోడలింగ్ లైటుకు (ఫ్లాష్ ఎక్కడ పడుతుందో చూపడానికి వెలుగుతూ ఉండే చిన్న బల్బు) కూడా బ్యాటరీ పన్ను కడుతూనే ఉంటుంది. పది వాట్ల మోడలింగ్ లైటు గంటసేపు వెలిగితే 36,000 జౌల్‌లు, అంటే 60 ఫుల్ పవర్ మెరుపులు. ఎండలో ఆ లైటు కంటికి కనిపించను కూడా కనిపించదు. ఆపెయ్యడమే మేలు.

96 అనే అంకె యాదృచ్ఛికం కాదు. విమానాల్లో 100 వాట్-అవర్ వరకున్న లిథియం బ్యాటరీలను ప్రయాణికులు సాధారణంగా ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లవచ్చు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ ఒప్పుకోవాలి, విడి బ్యాటరీలు రెండుకు మించకూడదు. 160 దాటితే ప్రయాణికుల సామానులో చోటే లేదు. విడి బ్యాటరీ ఎంత చిన్నదైనా చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి, టెర్మినళ్లు ఒకదానికొకటి తగలకుండా టేపు లాంటిది వేసి ఉండాలి. వీటి తయారీదారులు 100 గీతకు కాస్త ఇవతల ఆగడం వెనక ఉన్నది ఇంజినీరింగ్ కన్నా ఎయిర్‌పోర్ట్ టెన్షనే.

మెరుపు నిడివి గురించి ఒక భ్రమ ఉంది: ఫ్లాష్ ఏ కదలికనైనా నిలబెట్టేస్తుందని. పెద్ద యూనిట్లు ఫుల్ పవర్‌లో ఉన్నప్పుడు మెరుపు తోక సాగుతుంది, కొన్నింట్లో మొత్తం మీద 1/200 సెకను దాకా కూడా. ఈ తరం యూనిట్లలో ఎక్కువవాటిలో ఐజీబీటీ అనే స్విచ్ మెరుపును మధ్యలోనే తెంచేస్తుంది కాబట్టి పవర్ తగ్గించే కొద్దీ నిడివి కుంచించుకుపోతుంది, రంగు కాస్త నీలంవైపు జరుగుతుంది. అసలు సమస్య వేరు. గాల్లోకి ఎగిరిన మనిషిని ఎండలో తీస్తే ఫ్లాష్ అతన్ని నిలబెట్టినా, ఎండ 1/200 సెకనుపాటు గీస్తూనే ఉంటుంది. చేతుల అంచుల్లో పలచని దెయ్యపు నీడ కనిపిస్తుంది. ఎండను రెండు స్టాపులు కిందికి దించితే తప్ప అది పోదు.

గాలి సంగతి ఏ స్పెసిఫికేషన్ షీటూ చెప్పదు. 120 సెంటీమీటర్ల ఆక్టాబాక్స్ (ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్) అంటే చదరపు మీటరుకు పైగా గుడ్డ, రెండు మీటర్ల కర్ర మీద నిలబెట్టిన తెరచాప. మామూలు గాలికే స్టాండ్ ఒరుగుతుంది, పడితే మొదట పగిలేది ఫ్లాష్ గొట్టం. ఇసుక సంచి ఒక కాలి మీద వేలాడదీయడం, ఆ కాలు లైటు ఒరిగిన వైపు ఉండేలా చూడటం కనీస జాగ్రత్త. అసలైన భద్రత మాత్రం స్టాండ్ పట్టుకుని నిలబడే మనిషే. ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గర్ విషయంలో రేడియోనే నమ్మాలి. ఇంకో ఫ్లాష్ మెరుపును చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్ గదిలో చక్కగా పనిచేసి ఎండలో గుడ్డిదైపోతుంది.

సాయంత్రమయ్యేసరికి ఆట తిరగబడుతుంది. ఎండ పసుపు నుంచి నారింజకు దిగుతుంది, ఫ్లాష్ మాత్రం సుమారు 5,500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) దగ్గరే తెల్లగా ఉండిపోతుంది. ముఖం ఒక పూట, వెనకదృశ్యం ఇంకో పూట అన్నట్టు కనిపిస్తాయి. లైటు ముందు సగం బలమున్న నారింజ జెల్ (పారదర్శకమైన రంగు కాగితం) పెడితే రెండూ కలుస్తాయి. సూర్యుడు పూర్తిగా దిగాక ఇంకో పని చేయవచ్చు. పూర్తి బలమున్న నారింజ జెల్ లైటును సుమారు 3,200 కెల్విన్‌కు దించుతుంది, ఏ రంగును తెలుపుగా చూడాలో కెమెరాకు చెప్పే వైట్ బ్యాలెన్స్‌ను కూడా అక్కడే పెడితే ముఖం మామూలు రంగులో ఉంటుంది, మిగిలిన ఆకాశమంతా చిక్కటి నీలంలోకి జారిపోతుంది.

ఆ వేళకు అవసరమయ్యే పవర్ ఎంత? మధ్యాహ్నం ఐఎస్ఓ 100, ఎఫ్/11 ఉన్నచోట ఇప్పుడు ఐఎస్ఓ 400, ఎఫ్/2.8. ఐఎస్ఓలో రెండు స్టాపులు, ఎపర్చర్‌లో నాలుగు, మొత్తం ఆరు. పగలు ఫుల్ పవర్ అడిగిన ఫోటోకే ఇప్పుడు 64వ వంతు చాలు, 600లో తొమ్మిది వాట్-సెకన్లు. కనిష్ఠ పవర్ 1/32 దగ్గరే ఆగిపోయే యూనిట్ ఇక్కడ చిక్కుల్లో పడుతుంది. గరిష్ఠం చూసి కొన్నవాళ్లు లైటును వెనక్కి జరుపుతూ, తీసేసిన గుడ్డ మళ్లీ తగిలిస్తూ, దాని మీద ఇంకో గుడ్డ కప్పుతూ కనిపించేది సూర్యుడు దిగాక వచ్చే ఈ ఇరవై నిమిషాల్లోనే. ఆకాశం ప్రతి రెండు నిమిషాలకూ చీకటి పడుతుంటుంది, ఫ్లాష్‌ను ఇంకా తగ్గించమంటుంది. పగలంతా సంచిలో పడి ఉన్న చిన్న స్పీడ్‌లైటు బయటికొచ్చే వేళ కూడా అదే.